మీటింగ్‌లో ఆ మాటకి అందరితో పాటు నేనూ నవ్వేశాను అక్కా

ప్రశ్న: అక్కా, నమస్తే. నేను రకరకాల దేశాల వాళ్ళు కలిసి పనిచేసే టీంలో ఉన్నాను, చేరి ఏడాదిన్నర అయింది. టీంలో ఒక నల్లజాతి ఆవిడ ఉన్నారు, పనిలో నాకన్నా సీనియర్, చాలా నేర్పించారు కూడా. పోయిన నెల ఒక మీటింగ్‌కి ఆవిడ నాలుగు నిమిషాలు లేటుగా వచ్చారు, దానికి మా పెద్ద సీనియర్ ఒకాయన "మీ వాళ్ళ గడియారాలే వేరు కదా" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఎందుకు నవ్వానో నాకే తెలీదు. ఆవిడ ఏమీ అనకుండా లాప్‌టాప్ తెరుచుకుని కూర్చున్నారు. అసలు అంతకు ముందు వారం అదే మీటింగ్‌కి నేను పది నిమిషాలు లేటు, నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. ఇప్పుడు హెచ్‌ఆర్ వాళ్ళు బైస్టాండర్ ట్రైనింగ్ అని (కళ్ళముందు ఇలాంటిది జరిగితే పక్కనున్నవాళ్ళు ఏం చెయ్యాలో నేర్పేదట) రెండు గంటల సెషన్ పెట్టారు, అందరూ తప్పకుండా రావాలంట. వీటివల్ల నిజంగా ఏమన్నా ఉపయోగం ఉంటుందా, లేక హాజరు వేయించుకోవడానికేనా? మళ్ళీ అలాంటి మాట వస్తే నేనేమనాలి? ఆయన నా అప్రైజల్ రాసేవాళ్ళకి బాగా దగ్గర, పైగా నేను కూడా ఇక్కడ బయటి దేశం వాణ్ణే. భయం ఉంది, సిగ్గూ ఉంది.

జవాబు: తమ్ముడూ, ముందు ఆ నవ్వు సంగతి చూద్దాం, ఎందుకంటే ట్రైనింగ్ గురించి అడిగావు గానీ నెల రోజులుగా నిన్ను తినేస్తున్నది అదేనని నీ ఉత్తరం చదివితే తెలుస్తూనే ఉంది. ఆ మాట నచ్చి నవ్వలేదు నువ్వు, గదిలో అందరూ నవ్వుతుంటే మొహం దానంతటదే నవ్వేసింది, నలుగురితో నారాయణా అన్నట్టు. కానీ ఆవిడ కూర్చున్న కుర్చీలోంచి చూస్తే నీ నవ్వుకీ మనస్ఫూర్తిగా నవ్వినవాడి నవ్వుకీ తేడా కనపడదు కదా, చిక్కంతా అక్కడే ఉంది. అందుకని పర్లేదులే అని నిన్ను ఓదార్చను, అలాగని కూర్చోబెట్టి తిట్టను కూడా.

1968లో బిబ్ లటానే, జాన్ డార్లీ అని ఇద్దరు సైకాలజిస్టులు ఒక ప్రయోగం గురించి రాశారు. కాలేజీ కుర్రాళ్ళని ఒక గదిలో కూర్చోబెట్టి ఏవో ఫారాలు నింపమన్నారు, కాసేపటికి గోడకున్న సందులోంచి పొగ రావడం మొదలైంది. గదిలో ఒక్కడే ఉన్నప్పుడు నూటికి 75 మంది లేచి బయటికెళ్ళి చెప్పారు. అదే పక్కన ఇద్దరు మనుషులు (ప్రయోగం చేసేవాళ్ళు పెట్టినవాళ్ళే) పొగ చూసి కూడా ఏమీ పట్టనట్టు రాసుకుంటూ కూర్చుంటే, చెప్పినవాళ్ళు 10 శాతం. మిగతావాళ్ళు దగ్గుతూ, కళ్ళు నులుముకుంటూ, కిటికీ తెరుస్తూ అక్కడే ఉన్నారు! పక్కవాడు కంగారు పడట్లేదంటే ఇది కంగారు పడాల్సిన విషయం కాదేమో అనుకున్నారు. ఇప్పుడు మీ మీటింగ్ గుర్తు తెచ్చుకో. నువ్వు మిగతావాళ్ళ నవ్వు చూసి నవ్వావు, వాళ్ళల్లో ఇంకో ఇద్దరు నీ నవ్వు చూసి నవ్వి ఉంటారు, ఆ మాట అన్నాయన మాత్రం ఆ నవ్వులన్నీ తన ఖాతాలో వేసుకున్నాడు. మౌనం అర్ధాంగీకారం అంటారు, ఇక్కడ నవ్వు కూడా కలిసింది కాబట్టి సగం కాదు పూర్తి అంగీకారమే అయిపోయింది.

ఇంకొకటి ఉంది, ఇది ఇంకా గట్టిగా తగులుతుంది. కెనడాలో యార్క్ యూనివర్సిటీకి చెందిన కెరీ కవాకామీ, ఇంకొంతమంది కలిసి చేసిన స్టడీ ఒకటి 2009లో సైన్స్ పత్రికలో వచ్చింది. గదిలోంచి బయటికి వెళ్తూ ఒక నల్లజాతి మనిషి పొరపాటున ఒక తెల్లవాడికి తగులుతాడు, అతను బయటికి వెళ్ళాక ఈ తెల్లవాడు జాతి మీద ఒక మాట అంటాడు, ఇద్దరూ నటులే. ఇలా జరిగితే మీరేం చేస్తారు అని నల్లజాతికి చెందనివాళ్ళని అడిగితే చాలా బాధపడతాం, అలాంటివాడితో అస్సలు పనిచెయ్యం అన్నారు. నిజంగా ఆ గదిలో ఉండి విన్నవాళ్ళు మాత్రం పెద్దగా చలించలేదు, తర్వాత పనికి పార్ట్‌నర్‌ని ఎంచుకోమంటే ఎక్కువమంది ఆ మాట అన్నవాణ్ణే ఎంచుకున్నారు. అంటే ఇంట్లో కూర్చుని "నేనైతే అక్కడికక్కడే కడిగేసేదాన్ని" అనుకునే మనిషి వేరు, ఆ గదిలో ఉన్న మనిషి వేరు, ఇద్దరి పేరూ ఒకటే అయినా సరే. ఇది నాకూ వర్తిస్తుంది, ఈ సమాధానం చదువుతున్నవాళ్ళకీ వర్తిస్తుంది.

ట్రైనింగ్ పనికొస్తుందా అంటే నా లెక్క ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఆ టైంలో మనకి తక్కువయ్యేది మంచితనం కాదు, నోట్లో సిద్ధంగా ఒక వాక్యం ఉండదు, అంతే. ఆ మూడు నాలుగు సెకన్లలో ఏమనాలి, నేననాలా, ఎలా అంటే బాగుంటుంది అని బుర్ర లెక్కలు వేస్తుంటే టాపిక్ మారిపోతుంది, గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టు ఉండిపోతాం. కాబట్టి ఆ వాక్యాన్ని నీ చేత పైకి, గొంతు విప్పి, పదిమంది ముందు నాలుగైదు సార్లు అనిపించే ట్రైనింగ్ అయితే పనికొస్తుంది. స్లైడ్లు చూపించి, చివర్లో ఐదు ప్రశ్నల క్విజ్ పెట్టి, సర్టిఫికెట్ మెయిల్ చేసేది అయితే నీ రెండు గంటలూ పోయినట్టే. ఇది నా ఒక్కదాని మాట కాదులే, అమెరికాలో ఉద్యోగాల్లో వివక్ష కేసులు చూసే ఈఈఓసీ అనే ప్రభుత్వ సంస్థ వేసిన టాస్క్‌ఫోర్స్ 2016లో ఇచ్చిన రిపోర్టులోనే, ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్న ట్రైనింగ్‌ల్లో చాలావరకు వేధింపులు ఆపడానికి పనిచెయ్యలేదు, కంపెనీని కేసుల నుంచి కాపాడుకోవడం మీదే ఎక్కువ దృష్టి పెట్టాయి అని ఒప్పుకున్నారు, బైస్టాండర్ ట్రైనింగ్ లాంటివి ప్రయత్నించి చూడమన్నారు.

ఈ పద్ధతి అసలు ఆఫీసుల కోసం పుట్టింది కూడా కాదు. 1993లో బోస్టన్‌లోని నార్త్ఈస్టర్న్ యూనివర్సిటీలో జాక్సన్ కాట్జ్ అనే ఆయన ఆడవాళ్ళ మీద హింస ఆపడానికి కాలేజీ ఆటగాళ్ళతో ఒక ప్రోగ్రాం మొదలుపెట్టాడు. ఎదుటివాళ్ళని నేరస్తులుగానో బాధితులుగానో కాకుండా పక్కనే ఉన్న సాక్షులుగా చూసి మాట్లాడితే వింటారు అన్నది దాని కిటుకు. నువ్వు రేసిస్టువి, మారు అంటే ఎవడు వింటాడు చెప్పు, నీ పక్కనోడికి ఇలా జరిగితే నువ్వేం చెయ్యగలవు అంటే కాస్త ముందుకి వంగి కూర్చుంటారు.

సెషన్‌లో న్యూయార్క్‌లో 1964లో కిటీ జెనోవీస్ అనే అమ్మాయి హత్య కథ చెప్పే అవకాశం చాలా ఉంది, 38 మంది చూస్తూ ఊరుకున్నారు అని. ఆ కథ అప్పుడు పేపర్లో వచ్చినంత నిజం కాదని తర్వాత తేలింది, ఆ పేపరే ఒప్పుకుంది కూడా. 2019లో ఇంకో స్టడీ వచ్చింది, బ్రిటన్, నెదర్లాండ్స్, దక్షిణాఫ్రికాల్లో 219 వీధి గొడవల సీసీటీవీ వీడియోలు చూస్తే పదింట తొమ్మిదిసార్లు కనీసం ఒకళ్ళన్నా మధ్యలోకి వెళ్ళారు. కాబట్టి మనుషులంతే, ఎవరూ కదలరు అనే నిట్టూర్పు అక్కర్లేదు. వీధిలో గొడవ గొడవలాగే కనపడుతుంది, మీటింగ్‌లో అది జోకు వేషం వేసుకుని వస్తుంది, అందుకే అక్కడ కాళ్ళు కదిలినట్టు ఇక్కడ నోరు కదలదు.

ఇంక నీకు నేర్పించేది బహుశా ఐదు పద్ధతులు, రైట్ టు బీ అనే సంస్థ (ఇదివరకు హాలాబ్యాక్ అనేవాళ్ళు) బాగా వ్యాప్తిలోకి తెచ్చింది. దృష్టి మళ్ళించడం, వేరేవాళ్ళ సాయం తీసుకోవడం, జరిగింది రాసిపెట్టుకోవడం, అయిపోయాక వెళ్ళి పలకరించడం, మొహం మీదే చెప్పడం. జనం చివరిది ఒక్కటే ధైర్యం అనుకుంటారు, అది చెయ్యలేకపోతే మిగతా నాలుగూ వదిలేస్తారు, ఇది నాకు భలే కోపం తెప్పిస్తుంది. మీ మీటింగ్‌లో ఆ మాట పడగానే నువ్వు "సరే, ఆవిడ వచ్చేశారు కదా, ఆ రెండో పాయింట్ ఆవిడదే, మొదలుపెడదామా" అన్నా చాలు, ఆ నవ్వు సాగకుండా మధ్యలో తెగిపోతుంది, నీ మీద ఎవరికీ కోపం రాదు, ఆవిడకి మాత్రం అర్థమవుతుంది.

మొహం మీద చెప్పేదానికి వస్తే, నీ ఉత్తరంలోనే నీ వాక్యం ఉంది తమ్ముడూ, చూసుకున్నావో లేదో. "అదేంటి సార్, పోయిన వారం నేను పది నిమిషాలు లేటు, నన్నేమీ అనలేదే?" ఇంతే. నవ్వుతూ అనొచ్చు. అందులో తిట్టు లేదు, లెక్చర్ లేదు, రేసిజం అనే పదమే లేదు, కానీ గదిలో ఉన్న ప్రతివాడికీ లెక్క తెలిసిపోతుంది, ఆయనకి కూడా. ఆయన చెప్పుకోవడానికి ఏమీ ఉండదు, ఏం చెప్పుకున్నా ఇంకా లోతుగా దిగబడతాడు. ఇలా నీ దగ్గర సొంత లెక్క లేని రోజున అమాయకంగా ఒక ప్రశ్న అడుగు, "మీ వాళ్ళు అంటే ఎవరు సార్, నాకర్థం కాలేదు" అని. జోకుని విడమర్చి చెప్పమంటే సగం జోకులు అక్కడే చచ్చిపోతాయి. జోక్ చేశానయ్యా, అన్నిటికీ సెన్సిటివ్ అయిపోతున్నారు అంటాడు, అంటాడు ఖాయంగా, దానికి కూడా ఒకటి పెట్టుకో, "జోకే సార్, నాకే నవ్వు రాలేదు." అక్కడితో ఆపెయ్. వాదన పెంచకు. బ్రిటన్ ఈక్వాలిటీ యాక్ట్ 2010లో అయితే వేధింపు అనడానికి ఉద్దేశం ఒక్కటే కాదు, దాని ఫలితం ఏంటన్నది కూడా చూస్తారు, కాబట్టి నా ఉద్దేశం అది కాదు అంటే అన్ని చోట్లా చెల్లదు, కానీ ఈ సెక్షన్లన్నీ మీటింగ్‌లో చదవకు, ఆ పని వేరేవాళ్ళది.

మనిషిని కాదు, మాటని పట్టుకో. నువ్వు రేసిస్టువి అన్నావనుకో, అప్పట్నుంచి మీటింగంతా ఆయన మంచివాడా కాదా అన్న విచారణ అయిపోతుంది, ఆవిడ సంగతి ఎవరికీ గుర్తుండదు. మాటని పట్టుకున్నా ఆయన ముడుచుకుంటాడు కదా, ఉపయోగం ఏంటి అంటావేమో. అలెగ్జాండర్ జాప్, మార్గో మాంటీత్ వాళ్ళు 2006లో చూసింది ఏంటంటే, మూస అభిప్రాయం చెప్పినవాళ్ళని ఎవరైనా నిలదీస్తే వాళ్ళకి చిరాకు వచ్చింది, నిలదీసినవాళ్ళ మీద కోపం కూడా వచ్చింది, అయినా తర్వాత అలాంటి జవాబులు ఇవ్వడం తగ్గించారు. అంటే ఆయన ఆ రోజు మూతి ముడుచుకున్నంత మాత్రాన నీ మాట వృథా అయినట్టు కాదు. 2010లో జాపే ఇంకొకరితో కలిసి చేసిన దాంట్లో, నల్లవాళ్ళ మీద అన్న మాటని నల్లజాతి మనిషి తప్పుపట్టిన దానికన్నా తెల్లవాళ్ళు తప్పుపట్టినప్పుడు చూసేవాళ్ళు ఎక్కువ ఒప్పుకున్నారు. ఎంత అన్యాయం చూడు, దెబ్బ తిన్నవాళ్ళు చెప్తే ఏడుపంటారు, పక్కవాడు చెప్తే పాయింటే కదా అంటారు. అన్యాయమే, కానీ అది ఉన్నంతకాలం నీ నోటికి ఆ విలువ ఎంతో కొంత ఉంది, వాడుకో.

అలాగని ఊగిపోకు. నా సంగతి ఒకటి చెప్తాను, ఇప్పటికీ తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి. చాలా ఏళ్ళ క్రితం ఇలాంటి ట్రైనింగే ఒకటి అయ్యి పది రోజులు కాలేదు, ఒక కాల్‌లో అవతలి కంపెనీ ఆయన మా కొలీగ్ యాసని అనుకరించి నవ్వాడు. నేను ఆరంభ శూరురాలిని కదా, మైక్ ఆన్ చేసి ఐదు నిమిషాలు వాయించాను, గౌరవం అని, సమానత్వం అని, నా గొంతు నాకే భలే నచ్చింది ఆ రోజు. కాల్ అయ్యాక మా కొలీగ్ థాంక్స్ చెప్తుందనుకుంటే ఆమె నెమ్మదిగా "ఆ ఐదు నిమిషాలు నా ప్రెజెంటేషన్‌వి, ఇప్పుడు వాళ్ళకి నేను గుర్తుండేది నా పని వల్ల కాదు, మీ కోపం వల్ల" అంది. నేను ఆమెని ఒక్క మాట అడగలేదు మరి, నీకు ఓకేనా అని. అప్పట్నుంచి నా వాక్యాలు పొట్టివైపోయాయి.

కాబట్టి నీకు అన్నిటికన్నా ముందున్న పని సెషన్ కాదు, ఆవిడతో మాట్లాడటం. నెల అయిపోయింది, దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగినట్టు ఉంటుందేమో అని నీకు అనిపిస్తుంది, పర్లేదు, మర్చిపోయి ఉంటారులే అనుకోకు, అలాంటివి పడినవాళ్ళు మర్చిపోరు. ఒంటరిగా ఉన్నప్పుడు, ఒక్క నిమిషంలో అయిపోయేలా, "ఆ రోజు మీ లేటు గురించి ఆయన అన్నది నేను విన్నాను, అది తప్పు, నేను కూడా నవ్వాను, అది నా తప్పు, సారీ. ఇంకోసారి అలా జరిగితే నేను మాట్లాడితే మీకు ఓకేనా, వద్దంటే వద్దు" అని చెప్పు. ఇంతకు మించి పొడిగించకు. నాకు రాత్రుళ్ళు నిద్ర పట్టట్లేదు అని మొదలుపెట్టావంటే ఇప్పుడు ఆవిడ నిన్ను ఓదార్చాలి, పుండు ఆవిడది, మందు నీకు! ఇలాంటివి మీకు తరచూ జరుగుతుంటాయా, ఎలా ఉంటుంది అని ఇంటర్వ్యూ చెయ్యకు. ఆవిడ భుజాలెగరేసి "ఏం పర్లేదు" అంటే సరే అని వచ్చెయ్, పర్లేదు అన్నారు కాబట్టి నిజంగానే పర్లేదు అనుకోకు. నువ్వు మాట్లాడొద్దు అన్నారనుకో, ఆవిడ పేరు ఎత్తి హెచ్‌ఆర్‌కి పరిగెత్తకు, ఆవిడ లెక్కలు ఆవిడకి ఉంటాయి. నీ తరఫున నువ్వు మాత్రం అనొచ్చు, ఆ జోకులు నాకు ఇబ్బందిగా ఉన్నాయి అని, దానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

భయం గురించి. ట్రైనింగ్‌లో కొంతమంది ధైర్యంగా మాట్లాడండి అని అందరికీ ఒకే మాట చెప్పేస్తారు, పర్మనెంట్ ఉద్యోగం ఉన్నవాడికీ, వీసా కంపెనీ చేతిలో ఉన్నవాడికీ ఒకే ఖరీదు అన్నట్టు. కాదు. నీది ఎక్కువ ఖరీదు, నేను దాన్ని తక్కువ చేసి మాట్లాడను. అందుకే ఆ ఐదింట్లో రెండోది, వేరేవాళ్ళ సాయం తీసుకోవడం, నీకోసమే ఉంది అనుకో, మీటింగ్ నడిపేవాళ్ళెవరు, ఆయనకి సమానంగానో పైనో ఉండి నీ మాట వినేవాళ్ళెవరు అని ఇప్పుడే ఆలోచించి పెట్టుకో, వెళ్ళి "ఆ రోజు ఇలా జరిగింది, నేను మాట్లాడలేకపోయాను, ఇంకోసారి జరిగితే మీరు ఆపగలరా" అని అడుగు. ఒకళ్ళు ముందే ఒప్పుకుని ఉంటే గదిలో నువ్వు ఒంటరివి కాదు, పొగ గదిలో ఇంకో మనిషి లేచి నిలబడ్డట్టే.

రాసిపెట్టుకోవడం కూడా మర్చిపోకు. తేదీ, టైం, ఎవరెవరున్నారు, ఆయన అన్న మాట అన్నది అన్నట్టుగా, నీ అభిప్రాయం కలపకుండా. రేసిస్ట్ కామెంట్ చేశాడు అని రాస్తే ఆరు నెలల తర్వాత దాంతో ఏమీ తేలదు, "మీ వాళ్ళ గడియారాలే వేరు కదా" అని రాస్తే తేలుతుంది. నీ సొంత నోట్‌బుక్‌లో రాయి. ఆఫీసు ఫైళ్ళు, చాట్‌లు సొంత మెయిల్‌కి పంపుకోకు, తర్వాత అదే నీ మీద కేసవుతుంది. గుట్టుగా రికార్డ్ చెయ్యకు, చాలా చోట్ల అది చట్టప్రకారం తప్పు.

చట్టం అంటావా, అమెరికాలో 1964 సివిల్ రైట్స్ యాక్ట్ టైటిల్ సెవెన్ ప్రకారం వివక్షని వ్యతిరేకించినవాళ్ళ మీద కక్ష తీర్చుకోవడం నేరుగా నిషేధం, బ్రిటన్ చట్టంలోనూ అలాంటి రక్షణ ఉంది, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో తెచ్చిన 190వ ఒప్పందంలో అయితే ఫిర్యాదు చేసినవాళ్ళతో పాటు సాక్షులకి కూడా రక్షణ ఉండాలని రాశారు. నువ్వున్న దేశంలో ఏముందో, మీ కంపెనీ పాలసీలో ఏముందో చదువు, సెషన్‌లో చెయ్యెత్తి అందరి ముందే అడుగు, "సాక్షిగా చెప్పినవాళ్ళ అప్రైజల్‌ని ఎవరు కాపాడతారు" అని. జవాబు నీళ్ళు నమిలినట్టు వస్తే ఆ కంపెనీలో నీ ధైర్యం ఎంత దూరం వెళ్ళాలో నీకు తెలిసిపోతుంది. ఇందాక చెప్పిన ఈఈఓసీ 2016 రిపోర్టులో ఇంకో మాట కూడా ఉంది, వేధింపు ఎదురైనవాళ్ళల్లో నలుగురికి ముగ్గురు అసలు పైవాళ్ళతోనో యూనియన్‌తోనో ఆ సంగతి మాట్లాడనే లేదని. వాళ్ళంతా పిరికివాళ్ళు కాదు, లెక్కలు వేసుకున్నవాళ్ళు.

ఒకటి అడగాలి, తప్పుగా అనుకోకు. మనవాళ్ళు నలుగురు ఒకచోట కూర్చున్నప్పుడు, ఎవరికీ అర్థం కాదులే అని తెలుగులో ఆ టీంమేట్ల గురించి మనం వాడే పదాలు నీకు తెలుసు, నాకూ తెలుసు. ఇంగ్లీషులో అయితే నాలిక కరుచుకుంటాం, తెలుగులో అయితే ఏదో సరదా అంటాం. ఆ గదిలో పెద్ద సీనియర్ లేడు, అప్రైజల్ లేదు, వీసా భయం లేదు, ఉన్నది ఫ్రెండ్సే. నీ వాక్యాన్ని మొదటిసారి అక్కడ ప్రాక్టీస్ చెయ్యి. "ఆ మాట వద్దురా" అని చూడు, ఎంత కష్టంగా ఉంటుందో. నాకైతే ఆఫీసులో కన్నా అక్కడే కష్టమైంది, రెండు వారాలు ఒక ఫ్రెండు మాట్లాడలేదు కూడా, నువ్వు పెద్ద పతివ్రతవి అయిపోయావు అని దెప్పి మరీ వెళ్ళింది.

సెషన్‌లో రోల్ ప్లేకి ఎవరొస్తారు అంటే అందరూ బల్ల వైపు చూస్తారు, నువ్వు లెయ్. మీ పెద్ద సీనియర్ కూడా ఆ గదిలోనే ఉంటాడు కదా, అందుకని ఆయన అన్న మాటనే ఉదాహరణగా ఎత్తకు, పంతానికి పోయినట్టు ఉంటుంది, వేరే ఏదైనా మాట తీసుకుని నీ వాక్యం పైకి రెండుసార్లు అను, మొదటిసారి గొంతు వణుకుతుంది, రెండోసారి కాస్త తక్కువ వణుకుతుంది. ఆవిడతో మాట్లాడాక వీలైతే మళ్ళీ రాయి. ఆవిడేమన్నారో రాయక్కర్లేదు, అది ఆవిడది, నువ్వేమన్నావో రాస్తే చాలు.